మందు ఏది? పూత ఏది?

పార్లమెంటు సమావేశాలు లేని రోజులలో ఢిల్లీ విలేకరికి పని ఉండదని మా సంపాదక వర్గం వారు సైతం అనుకుంటూ ఉంటారు. వాస్తవమేమంటే, సభలు నడుస్తున్నంతకాలం వినడమే గాని చదవడానికి తీరిక దొరకదు. ఉభయ సభలూ నిరవధికంగా వాయిదా పడిన తరువాతనే చట్టాలను, వాటి కింద వెలువడే నియమావళులను, ఆ నియమావళుల అడుగున చిన్న అక్షరాలలో దాగి ఉండే గమనికలను తిరగవేయడానికి వీలు చిక్కుతుంది. ఈ వారం నేను చదివినది 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం. దానిని నా చేత చదివించిన ఘనత మా మేనకోడలి ముఖానికి దక్కుతుంది.

గుంటూరు జిల్లాలో డిగ్రీ ముగించిన ఆ అమ్మాయి ఒక ఉద్యోగ పరీక్ష నిమిత్తం రాజధానికి వచ్చింది. న్యూఢిల్లీ స్టేషనులో బండి దిగినప్పుడు పమిట కొంగులా చున్నీని ముఖం చుట్టూ బిగించుకొని ఉన్నది. దుమ్ము కాబోలు అనుకున్నాను. ఇంటికి వచ్చి చున్నీ తీసిన తరువాత మా ఇంట్లో ఎవరికీ నోట మాట రాలేదు. రెండు చెంపలూ వేడినీళ్లు పడినట్టు కందిపోయి ఉన్నాయి. దగ్గరగా చూస్తే చర్మం కింద ఎర్రని సన్నని నాళాలు, సాలెగూడు పోగులవలె కనిపిస్తున్నాయి. పై పెదవి మీద, దవడల మీద నూగు వెంట్రుకలు. వంటింట్లోకి వెళ్లి రెండు నిమిషాలు నిలబడలేక వెనక్కి వచ్చింది. "పొయ్యి సెగ తగిలితే మంట మామయ్యా, ఎండ తగిలినా అంతే" అన్నది.

మరునాడు ఒక ప్రభుత్వాసుపత్రి చర్మ వైద్య విభాగానికి తీసుకు వెళ్లాను. అక్కడి డాక్టరమ్మ, అమ్మాయి ఇంకా కుర్చీలో కూర్చోకముందే, ఆమె ముఖం వంక ఒకసారి చూసి, "ఏ క్రీము?" అని హిందీలో అడిగారు. ఏ జబ్బు అని అడగలేదు, ఎన్నాళ్ల నుంచి అని అడగలేదు. అమ్మాయి కాసేపు తటపటాయించి, సంచిలోనుంచి ఒక ట్యూబు బయటికి తీసింది. పేస్టు అయిపోయేటప్పుడు మనం చుట్టినట్టుగా చివరిదాకా చుట్టి ఉన్నది. రెండేళ్లుగా వాడుతున్నదట. పొరుగింటావిడ చెప్పింది, వీధి చివరి మందుల దుకాణంలో ఇచ్చారు, మొదటి పదిరోజులలో ముఖం నిజంగానే తెల్లబడింది. "అందరూ అడిగారు మామయ్యా, ఏం రాస్తున్నావని." తరువాత ఎప్పుడు రెండు రోజులు మానినా ముఖం భగ్గుమనేది. రాయగానే చల్లబడేది. అందువల్ల మానలేదు. ఆ రెండేళ్ల వెనుక ఒక పెళ్లిచూపుల సంగతి ఉన్నదని, "పిల్ల కాస్త రంగు తక్కువ" అన్న కబురు ఒకటి వచ్చిందని నాకు తరువాత తెలిసింది.

ఆ ట్యూబును నేను చేతిలోకి తీసుకొని చదివాను. ఆంగ్ల సాహిత్యంలో పట్టా పుచ్చుకొని, మూడు దశాబ్దాలుగా ఆంగ్లంలో ముద్రితమయ్యే బిల్లులు చదివి తెలుగులో రాస్తూ బతుకుతున్నవాడిని. దాని మీద ఉన్న మూడు పేర్లలో ఒక్కటి కూడా నాకు అర్థం కాలేదు. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటాసోన్. డాక్టరమ్మ ఓపికగా చెప్పిన దానిని, ఆపైన నేను చదివి తెలుసుకొన్న దానిని కలిపి పాఠకుల ముందు పెడుతున్నాను. ఈ మూడూ దేశంలోని లక్షలాది అద్దాల ముందు ఉన్నవే గనుక ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు.

మనిషి చర్మానికి రంగునిచ్చే పదార్థం మెలనిన్. దానిని తయారు చేసే కణాల సంఖ్య తెల్లవారిలోను, నల్లవారిలోను దాదాపు ఒక్కటే. ఆ కణాలు ఎంత మెలనిన్ తయారు చేసి చుట్టుపక్కల కణాలకు అందజేస్తాయన్న దానిలోనే తేడా. మెలనిన్ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు అడ్డుగోడ. మన ఎండలకు మన చర్మం తానుగా పట్టుకొన్న గొడుగు అనవచ్చు. హైడ్రోక్వినోన్ చేసే పని ఆ మెలనిన్ తయారీకి ఆధారమైన టైరోసినేజ్ అనే ఎంజైమును అడ్డుకోవడం. మంగు మచ్చలకు వైద్యులు దీనిని కొన్ని వారాలపాటు, మచ్చ ఉన్నంత మేరకు వాడమంటారు. ఏళ్ల తరబడి ముఖమంతా పులుముకొంటే కొందరిలో ఫలితం తారుమారై, బూడిద కలిసిన నీలి నలుపు మచ్చలు ఏర్పడతాయి. అవి ఒక పట్టాన పోయేవి కావు. ఐరోపా దేశాలు సౌందర్య సాధనాలలో ముఖానికి రాసే పూతలనుంచి దీనిని 2001లోనే తొలగించాయి. ట్రెటినాయిన్ విటమిన్ ఏ కుటుంబానికి చెందినది. చర్మం పైపొర త్వరగా రాలి కొత్తపొర వచ్చేటట్టు చేస్తుంది. ఆ కొత్తపొర ఎండకు ఓర్వదు. గర్భిణులకు దీనిని వైద్యులు వద్దంటారు.

మూడవదైన మోమెటాసోన్ స్టెరాయిడ్. అసలు మాయ అంతా దీనిదే. ఇది చర్మంలోని రక్తనాళాలను ముడుచుకొనేటట్టు చేస్తుంది, అందువల్ల ముఖం వెంటనే పాలిపోయి తెల్లగా కనిపిస్తుంది. వాపును, దురదను అణచివేస్తుంది, అందువల్ల హాయిగా ఉంటుంది. వాడకం సాగినకొద్దీ చర్మం పలచబడుతుంది, రక్తనాళాలు శాశ్వతంగా విప్పారి పైకి తేలుతాయి, మొటిమలు వస్తాయి, ముఖం మీద వెంట్రుకలు మొలుస్తాయి. మానివేస్తే అణిగి ఉన్న మంట ఒక్కసారిగా ఎగసిపడుతుంది. తాగుబోతు పొద్దున్నే చేతి వణుకు తగ్గడానికి మళ్లీ తాగినట్టు, మనిషి మళ్లీ ఆ ట్యూబు దగ్గరకే పోతాడు. ఈ అవస్థను మన దేశపు చర్మ వైద్యులు ఎంత తరచుగా చూస్తున్నారంటే, స్టెరాయిడ్ వల్ల చెడిన ముఖం అని దానికి ప్రత్యేకంగా ఒక పేరే పెట్టవలసి వచ్చింది. వివిధ నగరాలలోని 12 కేంద్రాలలో ముఖ చర్మ వ్యాధులతో వచ్చిన 2,926 మందిని పరిశీలించి 2011లో వారు ప్రకటించిన అధ్యయనంలో 433 మంది స్టెరాయిడ్ పూతలు వాడుతున్నవారేనని తేలింది. వారిలో సగానికి పైగా వైద్యుడు కానివారి సలహా మీద మొదలుపెట్టినవారే.

ఈ మూడు మందులను ఒక ట్యూబులో కలపడం మన వ్యాపారులు కనిపెట్టినది కాదు. అమెరికాలో క్లిగ్‌మన్ అనే చర్మ వైద్యుడు ఇటువంటి కలయికను 1975లో మంగు మచ్చల చికిత్స కోసం ప్రకటించాడు. అతని చేతిలో అది కొద్దికాలపు వైద్యం. మన వీధి దుకాణంలో నిత్యకృత్యం. అదే 1975లో, దేశంలో అత్యవసర పరిస్థితి ప్రకటించిన ఆ సంవత్సరంలోనే, హిందుస్థాన్ లీవర్ సంస్థ ఫెయిర్ అండ్ లవ్లీ అనే క్రీమును మార్కెట్టులోకి తెచ్చింది. న్యాయంగా చెప్పాలంటే ఆ క్రీముకు పేరు తెచ్చిన నియాసినమైడ్ విటమిన్ బి3 రూపం. మెలనిన్ కణం నుంచి కణానికి చేరడాన్ని కొంత తగ్గిస్తుంది, ఆపితే ఆ ప్రభావం పోతుంది. చర్మానికి అది చేసే కీడు పెద్దగా లేదు. కీడు ప్రకటనలలో ఉన్నది. నల్లపిల్లకు ఉద్యోగం రాదు, పెళ్లి కాదు, క్రీము రాస్తే రెండూ అవుతాయి అన్న కథను ఇంటింటా నాలుగు దశాబ్దాలపాటు చూపించారు. మా అమ్మాయి చేతికి ఆ మందు ట్యూబు వచ్చేసరికి, ఆ కథ వింటూ పెరిగిన మనసు సిద్ధంగా ఉన్నది. ప్రకటనల ప్రమాణాల మండలి నల్లరంగును కించపరచే ప్రకటనలు కూడదని 2014లో మార్గదర్శక సూత్రాలు వెలువరించింది. ఆ క్రీము పేరులోని 'ఫెయిర్' అన్న మాట 2020లో తొలగి 'గ్లో' అన్న మాట వచ్చింది. మాట మారినంత సులువుగా పెళ్లిళ్ల పేరయ్యల పుస్తకాలు మారవు. నలుపు నారాయణుడు మెచ్చునని సామెత చెప్పుకొంటూ, ఆడపిల్లకు శ్యామల అని పేరు పెట్టుకొంటూ, కోడలు మాత్రం పచ్చని పసిమి ఛాయలో కావాలనే జాతి మనది.

ఇక చట్టం సంగతి. 1940లో బ్రిటిష్ వారి హయాంలో వచ్చినది కేవలం ఔషధాల చట్టం. సౌందర్య సాధనాలను దానిలో చేర్చినది 1962 నాటి సవరణ. అది 1964లో అమలులోకి వచ్చింది. శుభ్రపరచడానికి, అందం పెంచడానికి, ఆకర్షణ కలిగించడానికి, రూపాన్ని మార్చడానికి ఒంటికి రుద్దుకొనేది, పోసుకొనేది, చల్లుకొనేది ఏదైనా సౌందర్య సాధనమే అని నిర్వచనం. మొదట సబ్బును దీనినుంచి మినహాయించారు. ఆ మినహాయింపును 1982లో తీసివేశారు. జబ్బును నయం చేసేది, నివారించేది ఔషధం. మందు వేరు, పూత వేరు. కాగితం మీద గీత స్పష్టంగానే ఉన్నది. మా అమ్మాయి ట్యూబు చట్టం దృష్టిలో ఔషధం, ఆమె దృష్టిలో పూత. ఏది ఏ జాబితాలో ఉన్నదో చర్మానికి తెలిసే అవకాశం లేదు.

ఔషధ నియమావళిలో షెడ్యూలు హెచ్ అని ఒక జాబితా ఉన్నది. అందులోని మందులను రిజిస్టర్డు వైద్యుని చీటీ మీదనే అమ్మవలసి ఉంటుంది. స్టెరాయిడ్లు ఆ జాబితాలో చాలాకాలంగా ఉన్నాయి. అయినప్పటికీ వాటి క్రీములు ఉప్పూ పప్పూ కొన్నట్టు ఎలా దొరికాయన్నది నాకు అంతుబట్టలేదు. జాబితా చివర ఉన్న గమనిక చదివిన తరువాత తెలిసింది. ఈ మందులు కలిసిన తయారీలన్నీ షెడ్యూలు కిందికి వస్తాయి, పైపూతగా వాడేవి తప్ప, అని దాని సారాంశం. "తప్ప" అన్న ఆ ఒక్క మాట ఎన్ని ముఖాలకు ఖరీదైనదో! మింగేదే మందు, రాసుకొనేది మందు కాదు అన్న పాత నమ్మకం ఏనాడో ఒక ముసాయిదా రచయిత కలంలోనుంచి అలా జారి ఉంటుంది. చర్మం గోడ వంటిది, పైన పూసినది పైనే ఉంటుందని అతడు అనుకొని ఉండవచ్చు. చర్మ వైద్యుల సంఘం ఏళ్ల తరబడి పోరాడిన మీదట, 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 14 రకాల పైపూత స్టెరాయిడ్లను చీటీ లేనిదే అమ్మరాదని ప్రకటన జారీ చేసింది.

మరి మా అమ్మాయి ట్యూబు కొన్నది ఆ తరువాతనే గదా! ట్యూబు మీద ఎర్రగీత, వైద్యుని చీటీ మీదనే అమ్మవలెనన్న హెచ్చరిక ఆంగ్లంలో ఉన్నాయి. ఈ హెచ్చరికకు రాజధానిలోనే ఎంత విలువ ఉన్నదో చూద్దామని చాందినీ చౌకులోని భగీరథ్ ప్యాలెస్‌కు వెళ్లాను. ఒకప్పుడు బేగం సమ్రూ నివాసమైన ఆ భవనం చుట్టూ ఇప్పుడు విద్యుత్ సామాను, మందుల టోకు దుకాణాలు కిక్కిరిసి ఉంటాయి. ఒక దుకాణంలో ట్యూబు చూపించి అటువంటిది కావాలన్నాను. కౌంటరు వెనుక ఉన్న కుర్రవాడు నన్ను అడిగినది చీటీ కాదు. "ఒకటా, డజనా?" అని అడిగాడు. ఒకటి కొని తెచ్చుకొన్నాను. ఈ వ్యాసం రాస్తున్న బల్ల మీద అది ఉన్నది.

కేంద్రంలోని అధికారులను కదిపితే, తయారీకి, అమ్మకానికి అనుమతులిచ్చేది, తనిఖీ చేసేది రాష్ట్రాలు గదా అంటారు. రాష్ట్రాల వారు ఇన్‌స్పెక్టర్లు లేరంటారు. ప్రతి 50 తయారీ సంస్థలకు ఒకరు, ప్రతి 200 దుకాణాలకు ఒకరు చొప్పున ఔషధ ఇన్‌స్పెక్టర్లు ఉండాలని మషేల్కర్ సంఘం 2003లో సూచించింది. ఆ సిఫారసును రెండు దశాబ్దాలుగా ప్రతి మంత్రీ శిరసా వహిస్తూనే ఉన్నారు.

స్టెరాయిడ్ కనీసం పేరు చెప్పుకొని వస్తుంది. పాదరసం ఆ మర్యాద కూడా పాటించదు. పాదరస లవణాలు కూడా టైరోసినేజ్‌ను అడ్డుకొని చర్మాన్ని తెల్లబరుస్తాయి. చర్మం గుండా రక్తంలో కలిసి మూత్రపిండాలను చెరుస్తాయి. రాసుకొన్నవారి తువాళ్ల ద్వారా, దిండ్ల ద్వారా ఇంట్లోని పసిపిల్లలకూ అంటుకొంటాయి. పాదరసం కలిపి సౌందర్య సాధనాలు తయారు చేయడాన్ని మన చట్టం నిషేధించింది. అనుకోకుండా చేరిన పాదరసం కూడా పదిలక్షల పాళ్లకు 1 పాలు మించకూడదని, కంటి చుట్టూ వాడేవాటిలో 70 పాళ్లు మించకూడదని 2020 డిసెంబరులో వెలువడిన సౌందర్య సాధనాల నియమావళి చెబుతున్నది. అంతకుముందు 2014లో ఇదే నగరంలోని విజ్ఞాన, పర్యావరణ కేంద్రం వారు 32 తెలుపు క్రీములను తమ ప్రయోగశాలలో పరీక్షించి, 14 క్రీములలో పాదరసం జాడ కనుగొన్నారు. వాటిలో అత్యధిక మోతాదు పదిలక్షలకు 2 పాళ్ల లోపే. ఇవి పేరున్న సంస్థల సరుకు. ఊరూపేరూ లేని డబ్బాలలో ఏముంటుందో కేరళ చెప్పింది.

మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లోని ఒక ఆసుపత్రి మూత్రపిండాల వైద్యులకు 2021 జూలై, 2023 సెప్టెంబరు మధ్య ఒకే రకమైన రోగులు వరుసగా ఎదురయ్యారు. ఒంట్లో నీరు చేరడం, మూత్రంలో ప్రొటీను పోవడం. మూత్రపిండాల వడపోత పొర దెబ్బతిన్న 22 మందిలో 15 మందికి, సాధారణంగా అరుదుగా కనిపించే ఒక ప్రత్యేక రకం జబ్బు ఉన్నట్టు తేలింది. కారణం వెదకగా ఆ 15 మందిలో 13 మంది తెలుపు క్రీములు వాడినవారు. వారి పరిశోధన అంతర్జాతీయ వైద్య పత్రికలో అచ్చయింది. కేరళ ఔషధ నియంత్రణ శాఖ 2023లో 'ఆపరేషన్ సౌందర్య' పేరిట దుకాణాల మీద దాడులు జరిపి, తయారీదారు చిరునామా సరిగా లేని సరుకును పట్టుకొన్నది. మందు కాని దానికి, పూత అనుకొన్న దానికి మూత్రపిండం మూల్యం చెల్లించింది. క్రీము మానిన తరువాత వారిలో చాలామంది కోలుకొన్నారన్నది ఒక్కటే ఊరట.

ఈ వ్యాపారానికి సరిహద్దులు లేవు. భారత, పాకిస్థాన్ ప్రభుత్వాలు ఏకాభిప్రాయానికి రాగల విషయాలు బహు తక్కువ. తెల్లని చర్మం మీద మోజు విషయంలో మాత్రం ఉపఖండ ప్రజలందరిదీ ఒకే మాట. 2019లో పాకిస్థాన్ ప్రభుత్వమే తమ దేశంలో అమ్ముతున్న 59 తెలుపు క్రీములను పరీక్షింపజేయగా 56 క్రీములలో పాదరసం పరిమితిని మించి ఉన్నట్టు వెల్లడించింది. అక్కడ తయారైన కొన్ని క్రీముల అమ్మకాన్ని బంగ్లాదేశ్ ప్రమాణాల సంస్థ 2020లో నిషేధించింది. పాదరసం వాడకాన్ని అరికట్టే మినమాటా ఒడంబడికను భారతదేశం 2018లో ధ్రువీకరించింది. ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల ద్వారా ప్రజల ఒంట్లో చేరి వేలమందిని బలిగొన్న జపాన్ పట్టణం పేరు అది. ఒడంబడిక సభ్య దేశాలు 2023లో జెనీవాలో సమావేశమై, పాదరసం కలిపిన సౌందర్య సాధనాలకు ఒక పాలు అన్న మినహాయింపును కూడా తీసివేసి, 2025 నాటికి పూర్తిగా నిలిపివేయాలని తీర్మానించాయి.

పట్టుదలగా చట్టాలు అమలు జరిపే దేశాలలో ఇటువంటివి జరగవని అనుకొనేవారికి అదే జపాన్ అనుభవం ఒకటి చెప్పాలి. అక్కడి చట్టంలో మందుకు, పూతకు మధ్య అర్ధ ఔషధం అనే మూడవ తరగతి ఉన్నది. ఆ తరగతి కింద 2008లో ప్రభుత్వామోదం పొందిన రోడోడెండ్రాల్ అనే తెలుపు పదార్థంతో కనెబో సంస్థ క్రీములు చేసింది. 2013లో వాటిని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. వాడిన వారిలో దాదాపు 20,000 మందికి ముఖం మీద, చేతుల మీద బొల్లి మచ్చలు వచ్చాయి. ఆ పదార్థం మెలనిన్‌ను తగ్గించడంతో ఆగక, కొందరిలో మెలనిన్ తయారు చేసే కణాన్నే చంపివేసింది.

బొల్లి అంటే జ్ఞాపకం వచ్చింది. ఆసుపత్రిలో మా వంతు కోసం కూర్చున్నప్పుడు పక్కనే ఒక మధ్యవయస్కురాలు ఉన్నారు. నుదుట సరిగ్గా బొట్టు ఉండవలసిన చోట, బొట్టంత గుండ్రంగా తెల్లమచ్చ. స్టిక్కరు బొట్టు వెనుక ఉండే జిగురులోని పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే పదార్థం చేసే పని ఇది అని డాక్టరమ్మ తరువాత చెప్పారు. మన దేశపు వైద్యులకు ఇది చిరపరిచితమైన జబ్బు. పసుపును సున్నంతో కలిపి ఇంట్లో చేసుకొన్న కుంకుమకు, అంగడిలో రంగు రసాయనంతో చేసిన కుంకుమకు పేరు ఒక్కటే, గుణం వేరు. ఉత్తరాదిలో పాపిట నింపుకొనే సిందూరంలో కొన్ని చోట్ల సీసపు ఆక్సైడ్ ఉంటుంది. పాతది గనుక మంచిది అనుకొనేవారు దీనిని గమనించాలి. సీసం, పాదరసం రెండూ మన పూర్వులకు బాగా తెలిసిన అలంకరణ ద్రవ్యాలే.

నా తలకు వేసుకొనే నల్లరంగు సంగతి కూడా దాచడం న్యాయం కాదు. దానిలోని పారాఫినైలిన్ డయామిన్ సరిపడనివారికి నెత్తి, చెవులు, కనురెప్పలు వాచిపోతాయి. ముందుగా చర్మం మీద కొద్దిగా రాసి పరీక్షించుకోవాలని, కనుబొమలకు వాడరాదని, వాడితే చూపు పోయే ప్రమాదం ఉన్నదని డబ్బా మీద హెచ్చరిక ఉండవలసిందే. సూచనలు స్థానిక భాషలో కూడా ఉండాలని నియమం. నేను పదేళ్లుగా వాడుతూ ఏనాడూ ఆ కాగితం విప్పి చదివిన పాపాన పోలేదు. మేనకోడలిని ఏమని మందలించను?

జుట్టు రంగుకు స్థానిక భాష అవసరమని గుర్తించిన ప్రభుత్వానికి, ముఖానికి రాసే స్టెరాయిడ్ ట్యూబు మీద ఆ అవసరం కనిపించకపోవడం విచిత్రం. తెలుగులో ఒక్క వాక్యం చాలు: ఇది అందానికి వాడే క్రీము కాదు, వైద్యుడు చెప్పనిదే ముఖానికి రాయవద్దు. ఆ అమ్మాయి తెలుగు మాధ్యమంలో చదివింది. ఈ వాక్యం ఉంటే చదివి ఉండేది. ప్రకటనల విషయంలో 2020 ఫిబ్రవరిలో ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఒక మంచి పని ప్రారంభించింది. అభ్యంతరకరమైన మందుల ప్రకటనలను నిషేధించే 1954 నాటి చట్టానికి ముసాయిదా సవరణ ప్రకటించి, చర్మాన్ని తెల్లబరుస్తామనే ప్రకటనలను కూడా దాని పరిధిలో చేర్చి, తొలి నేరానికి రెండేళ్ల వరకు జైలు, 10 లక్షల రూపాయల వరకు జరిమానా ప్రతిపాదించింది. ప్రజాభిప్రాయం కోరింది. ఆ తరువాత ప్రతి సమావేశానికి ముందు విడుదలయ్యే బిల్లుల జాబితాలో నేను దాని కోసం వెదకడం ఒక అలవాటుగా మారింది.

మా అమ్మాయికి డాక్టరమ్మ ట్యూబును ఒక్కసారిగా కాక క్రమంగా మాన్పించారు. సువాసన లేని సాదా లేపనం, ఎండకు కాపుగా మరొకటి ఇచ్చారు. నెలలు పడుతుందని, మధ్యలో మంట పెరుగుతుందని, అప్పుడు పాత ట్యూబు మీదికి చేయి పోకూడదని ముందే చెప్పారు. మూడవ వారంలో ఆ మంట వచ్చింది. రాత్రి రెండు గంటలకు వంటింట్లో తడిగుడ్డ ముఖం మీద వేసుకొని కూర్చున్న పిల్ల దగ్గర మా ఆవిడ కూర్చున్నది. పాత ట్యూబు నా బల్ల సొరుగులో తాళం కింద ఉన్నది. ఆ రాత్రి అమ్మాయి తాళంచెవి అడిగింది. ఇవ్వలేదు. మరునాడు సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

పరీక్ష రాసి ఊరికి వెళ్లింది. మొన్న ఫోను చేసింది. చెంపల ఎరుపు కొంత తగ్గిందట, నాళాలు మాత్రం అలాగే ఉన్నాయట. వీధి చివరి దుకాణం ముందుగా పోతుంటే యజమాని పిలిచి, "ఈ మధ్య రావడం లేదేమ్మా, మీ ట్యూబు వచ్చింది" అన్నాడట.

సభ్యుల చేత ప్రశ్నలు వేయించడం విలేకరి పని కాదని మా వృత్తిలో పెద్దలు చెబుతారు, నేనూ కుర్రవారికి చెబుతూ ఉంటాను. ఆ నియమాన్ని ఈ ఒక్కసారి ఉల్లంఘించాను. షెడ్యూలు హెచ్ కిందికి వచ్చే పైపూత స్టెరాయిడ్లను చీటీ లేకుండా అమ్మినందుకు 2018 నుంచి ఎన్ని దుకాణాల మీద చర్య తీసుకొన్నారో, రాష్ట్రాలవారీగా వివరాలు చెప్పగలరా అన్న ప్రశ్నను రాసి మన ప్రాంతపు లోక్‌సభ సభ్యుడొకరికి ఇచ్చాను. ఆయన చదివి, చిన్నగా నవ్వి, "మా ఇంట్లోనూ ఒక ట్యూబు ఉందండీ" అన్నారు. సమాధానం కావలసిన తేదీకి 15 రోజుల ముందుగా నోటీసు అందాలి. ఒక రోజుకు 230 లిఖితపూర్వక ప్రశ్నలే జాబితాలో చేరుతాయి, మిగిలినవాటి గతి బ్యాలట్ మీద ఆధారపడి ఉంటుంది. వచ్చే సమావేశాల తేదీలు ప్రకటించిన రోజుననే నోటీసు ఇస్తానని ఆయన మాట ఇచ్చారు.